కొమ్ము లోపలి మైనం

మూడు వారాలు బూడిద నీళ్లలో నానింది.
లోపలి ఎముక ఊడొచ్చిన రోజు
కుక్క కూడా గుమ్మం దిగి వెళ్లిపోయింది.
తీగకు గుడ్డ చుట్టి, ఇసుక అద్ది
గీకాను, కడిగాను, వెనిగర్ పోసి మళ్లీ గీకాను.
పోలేదు వాసన.
చలికాలపు కొట్టం వాసన,
తడిసిన ఎండుగడ్డి వాసన,
మా లోమా వాసన.

"ఇందులో వైన్ పోస్తే ఎవడు తాగుతాడు?"
అన్నాడు మల్ఖాజ్
కుంటికాలు పొయ్యి వైపు చాపుకుని.

మైనం సంగతి నాకు తెలిసింది ఇంతే:
తొందరపడితే అంటదు.
మొదటిసారి చల్లని కొమ్ములో పోశాను.
పాలమీది మీగడలా పైపైనే పేరుకుని
మర్నాటికి పెంకులు పెంకులుగా రాలింది.
కొమ్ముకీ వేడెక్కాలి,
చెంపకి ఆనిస్తే ఉలిక్కిపడేంత.
అప్పుడు పోయాలి, తిప్పాలి,
ఆగకుండా తిప్పుతూనే మిగిలింది ఒంపేయాలి.
మొనలో కొంచెం ఆగిపోతుంది. పోనీ.

అసలు చిక్కు మొనది కాదు.
దానికి జానెడు పైన
వెంట్రుకంత బీట.
వంతెన దిగేచోట, మంచులో
బండి వెనక్కి జారినప్పుడు
లోమా మెడ వంచి, కొమ్ము బండరాయికి ఆనించి
నిలబడిపోయింది.
ఎంతసేపో.
చక్రం కింద మల్ఖాజ్.
పోయింది మోకాలొక్కటే.

పళ్లెంలో బూడిద పరిచి
కొమ్ము నిండా నీళ్లు పోసి పైన వేలాడదీశాను.
తెల్లారి చూస్తే బూడిదలో ఒక చిన్న గుంట.
మళ్లీ కాచాను.
మళ్లీ గుంట.
మూడోసారి కిటికీకి ఎత్తి చూస్తే
నల్లగీత పసుపయింది,
చెస్ట్‌నట్ తేనె పిండగా మిగిలిన మైనం
దాని లోతు దాకా దిగింది.
బూడిద బూడిదలాగే ఉంది.

ద్రాక్ష కోతలయ్యాక విందులో
నింపి మల్ఖాజ్ చేతికిచ్చాను.
కొమ్ముకు అడుగుండదు, బల్లమీద నిలవదు.
చేతికొచ్చిందా,
ఖాళీ అయ్యేదాకా దించడానికి లేదు.
తాగాడు. మీసం తుడుచుకున్నాడు.
"ఏ వాసనా లేదు లమ్జీరా" అన్నాడు.
మెచ్చుకున్నాడనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత రొట్టెముక్క తుంచి
పక్కవాడి గ్లాసులో ముంచి
బల్ల అంచున పెట్టాడు.
పోయినవాళ్ల కోసం అలా పెడతాం మేము.
ఎద్దులకు పెట్టే ఆచారం లేదు.

ఎవరూ ఏమీ అనలేదు.
నేను కొమ్ము తీసుకుని
పెరట్లోకి వెళ్లి చన్నీళ్లతో కడిగాను.
వేడి తగిలితే
మైనం నిలవదు.