పదికి పద్దెనిమిది

కాశీబుగ్గలో బస్సు దిగేసరికి
గాలంతా ఒకటే కమురు వాసన.
జీడి బట్టీలండీ, అంది కాంచన సిస్టర్,
మూడోనాటికి మీకిది తెలీదు.
తెలీనప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

మూడు నెలల పోస్టింగు నాది.
మెడలో స్టెత్, సంచిలో బీపీ మిషను,
చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం:
నొప్పిని ఎలా అడగాలి.
ఎక్కడ, ఎప్పటినుంచి, ఎటు పాకుతోంది,
సున్నా నుంచి పది దాకా ఎంత.
వైవాలో నాకు మంచి మార్కులొచ్చింది దీనికే.

గేదెల అప్పలనరసమ్మ
రేకుల వసారాలో గోనె మీద
కాలితో మీట తొక్కుతూ పిక్కలు కోస్తోంది.
బూడిద పూసిన చేతులు. వేళ్ల చివర్లు
నల్లగా, నున్నగా, రేఖలు అరిగిపోయి.
ఆక్సీమీటరు తొడిగితే
ఎర్ర దీపం ఆ నలుపులోకి దిగి
తిరిగి రాలేదు. అంకె చోట రెండు గీతలు.
మిషను పాడైందనుకున్నాను.
"రేషను మిషనూ నా ఏలు ఒప్పుకోదు బాబూ,
ఇప్పుడు తవరి మిషనొకటి" అని నవ్వింది.
సిస్టర్ ఏమీ అనకుండా
క్లిప్పు తీసి చెవి తమ్మెకు పెట్టింది.
తొంభై ఏడు.
పుస్తకంలో ఉండే ఉంటుంది,
నేనే ఆ పేజీ తిప్పలేదు.

కూర్చోండి, అంది నాతో.
కుర్చీ లేదు. నిలబడే అడిగాను:
నడుం నొప్పి పదికి ఎంత?
"పద్దెనిమిది."
పదికి, అన్నాను మళ్లీ, కొంచెం గట్టిగా,
ఆమెకు చెవుడన్నట్టు.
"పద్దెనిమిదే బాబూ, బాగున్నప్పుడు.
ఇప్పుడు పదకొండంటే గగనమైపోతంది."
రాసిన అంకె కొట్టేసి
సరిగా చెప్పలేకపోతోంది, అని రాశాను.
ఇంగ్లీషులో రాశాను. చక్కటి దస్తూరీ.

తిరుగు దారిలో మురుగు కాలవ దాటాక
సిస్టర్ ఆగింది.
"అవి కేజీలండీ. రోజుకెన్ని పిక్కలు కోస్తే అన్ని.
పద్దెనిమిది పదకొండయ్యిందంటే
ఏడు కేజీల నొప్పి.
నొప్పి కాకపోతే నీరసం.
కాళ్లు చూశారా? మెట్టెలు బిగిసిపోయున్నాయి."
చూడలేదు.
పది లోపల ఒక అంకె కోసం చూస్తున్నాను నేను.

మర్నాడు మళ్లీ వెళ్లి రక్తం తీశాం.
అప్పట్నుంచి అడగడం మార్చాను.
తాపీపని జోగయ్యను, ఎన్ని తట్టలకు ఆగుతావని,
బోరింగు దగ్గర దాలమ్మను, ఎన్నో బిందెకని.
ఒకాయన "సెప్పుకోనేనంత" అన్నాడు.
అది అలాగే రాసుకున్నాను.
సలుపు, పీకు, తీపు, పోటు,
ఒంట్లో సీమలు పాకినట్టు,
ఎముకల్లో ఎవలో ముగ్గెట్టినట్టు,
కాగితం వెనకవైపు నిండిపోయింది.

రిపోర్టు వచ్చేసరికి
పోస్టింగు ఇంక నాలుగు రోజులు.
అదే గోనె, అదే మీట.
నా చేతిలో కాగితం చూసి
ఆమె కాలు ఆగింది.
"ఎంతొచ్చింది బాబూ?"
క్రియాటినిన్. మూడు పాయింటు నాలుగు.
ముఖం విప్పారింది.
"పదికేనా? మూడేగదా! ఇంకేటి మరి!"
గుప్పెడు పప్పు తీసి నాకివ్వబోయి,
"మేస్త్రి తూకమేస్తాడు" అని గుర్తొచ్చి
రెండే ఇచ్చింది.

సిస్టర్ నా వైపు చూడలేదు.
రేకుల మీద కాకి గోళ్ల చప్పుడు.
ఈసారి ఎవరూ చెప్పకుండానే
గోనె అంచు మీద కూర్చున్నాను.
ఆ రెండు పప్పులూ ఎడం చేతిలో పట్టుకుని
అమ్మా, అన్నాను,
నువ్వు పద్దెనిమిది కోసిన రోజులున్నాయి చూడు,