ఒక చుట్టు తక్కువ

అంబత్తూరు ఎస్టేట్‌లో
పద్దెనిమిదేళ్లు రాగితీగ చుట్టింది ధనకోటి.
ఒక చుట్టు తగ్గినా
మోటారు తిరగ్గానే చెవికి తెలిసేది.

షెడ్డు సముద్రం దాటింది.
పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది,
అదే ఎర్రరంగు, అవే అక్షరాలు.

ఇప్పుడు పాడి సందులో రిపేరు బల్ల.
ఎవరో ఆ పేరున్న మిక్సీనే తెచ్చారు,
ఆరు నెలలు నిండలేదు, ఇడ్లీపిండికే పొగ.
తిరగేసి చూసింది. ఒక్క స్క్రూ లేదు.
గోరుతో అంచంతా తడిమింది.
జిగురు.

"ఇది తెరవడానికి చేసింది కాదమ్మా."

పారేయమని వదిలి వెళ్లారు.
సుత్తితో పగలగొట్టింది.
లోపల వెంట్రుకంత తీగ,
రాగి కాదు, రాగిపూత.

ఎక్కడో ఒకామె చుట్టి ఉంటుంది దీన్ని,
గంటకిన్ని అని.
ఆమె చెవికీ తెలిసే ఉంటుంది.