రెడ్డెమ్మకు, మిద్దె మీది ఆకు గురించి

గడ్డి అనుకోని పీకేసేవు.
గడ్డి కాదు రెడ్డెమ్మా,
ఒక పోచ తుంచి, నలిపి, వాసన చూడు.
తెల్లగడ్డే. కానీ కింద గడ్డ ఊరదు,
ఉండేదంతా ఆకులోనే.

మారివిక్ దీన్ని కుచాయ్ అనేది.
ముసలామె బగల్ అంటాది.
నేను తెల్లగడ్డాకు అని పెట్టుకున్నా.
నువ్వు ఏ పేరుతో పిలిచినా
అది పలకదు, పెరుగుతాది.

మిద్దె మీద, నీళ్ళ ట్యాంకి పక్కన,
ఏసీ పెట్టెల నీడన
మూడు నూనె డబ్బాలు, చేపలొచ్చిన తెర్మాకోల్ పెట్టె ఒకటి.
పొద్దుటెండ తగలనీ.
తొమ్మిదికల్లా గోనెపట్ట కప్పు.

కొళాయి నీళ్ళు పోయద్దు.
ఎండాకాలం కువైట్‌లో ఆ నీళ్ళతో టీ పెట్టచ్చు.
మొదటేడు తెలీక పోసినా,
వేర్లు ఉడికిపోయినాయి.
మారివిక్ మూడు రోజులు నాతో మాట్లాడలా.
ఏసీ కింద బకెట్టు పెట్టు,
రాత్రంతా చుక్క చుక్క పడి సగానికి వస్తాది.
ఇంట్లోవాళ్ళు ఎంత చల్లగా నిద్రపోతే
దానికి అన్ని నీళ్ళు.

దుమ్ము లేచిన రోజు, ఈడ తోజ్ అంటారు,
ఆకంతా జొన్నపిండి చల్లినట్టయితాది.
తుడుస్తా కూర్చోవద్దు. కోసేయి.

కోసేదానికి భయపడద్దు.
నేను మొదట్లో జాలిపడి వదిలేసినా,
అది ముదిరి, నార పట్టి, కాడ లేపి
తెల్లగా పూసింది.
చూసేదానికి బాగుండాది, నమిలేదానికి కాలేదు.
కత్తెరతో కొయ్యి, మన్నుకు రెండేళ్ళు పైన.
అడుగున ఆ తెలుపు మాత్రం ముట్టుకోవద్దు.
అది దానిది.

శుక్రవారం ముసలామెకు జుబేది చేప, అన్నం.
పళ్ళెం అంచున పచ్చాకు పిడికెడు పెట్టు,
కడిగి, తరక్కుండా.
ఆమెకు పేర్లన్నీ పోయినాయి.
కొడుకును డ్రైవరనుకోని తిడతాది,
నన్ను రోజూ ఎవురు నువ్వు అంటాది.
ఈ ఆకు నోట్లో పడినప్పుడు మాత్రం
ఎవురో లతీఫాను అన్నానికి రమ్మని కేకేస్తాది.
నువ్వు 'వస్తాండా' అను.
తెలుగులోనే అను. ఆమెకు చాలు.

మనకైతే
కందిపప్పు ఎనిపి, తిరగమాత పెట్టి,
పొయ్యి ఆపినాక వెయ్యి.
ముందే వేస్తే వాసన పోయి నిజంగా గడ్డే మిగుల్తాది.
చెనిక్కాయలు, ఎండుమిరక్కాయలు వేయించుకుంటే
ఊరిబిండిలోకి బో బాగుంటాది.
రాత్రిపూట మిక్సీ వెయ్యద్దు, బాబా లేస్తాడు.
చపాతీ కర్ర మొనతో గిన్నెలోనే నూరుకో.
చేతి వాసన మేడమ్‌కు పడదు, సబ్బుకు పోదు.
స్టీలు కొళాయికేసి రుద్దుకుంటే పోతాది.

నేను సాల్మియాలో చిన్న కూతురింటికి పోతాండా.
వీసా మార్చినారు, నన్నేం అడగలా.
సగం గుబురు తవ్వి పెరుగు డబ్బాలో పెట్టుకున్నా.
ఆ చోటు బోడిగా అగుపడితే కోపం చేసుకోవద్దు.
వేర్లు ఒకదాన్నొకటి పట్టుకోని ఉండాయి,
విడదీసేలోపల మగ్రిబ్ పిలుపు అయిపోయింది.
నెల తిరక్కముందే పూడుకుంటాది.

మూడో డబ్బాలో మాత్రం ఏమీ రాదు.
ఎరువు వెయ్యద్దు, గింజలు నాటద్దు.
జానెడు లోతున మాత్రల సీసా ఒకటి ఉండాది.
అందులో ఇరవై దీనార్లు, ఒక సిమ్ కార్డు,
చీటీ మీద ఫోన్ నెంబరు.
మారివిక్ పూడ్చింది.
నేను ఒకసారి తీసినా, మళ్ళా పెట్టినా.
ఎందుకు తీసినానో ఇప్పుడొద్దులే.
నీకు అక్కర రాకపోతే మేలు.
వస్తే తీసుకో, ఎవురినీ అడగద్దు.
పెట్టగలిగిన రోజు పెట్టు,
నీ తర్వాత ఇంకొకామె వస్తాది.

రోజూ ఆ డబ్బాలో కూడా రవ్వన్ని నీళ్ళు చల్లు.
ఎండిన డబ్బాను
ఎవురైనా తీసి పారేస్తారు.