అలల పద్దు

మా బార్జికి ముందువైపు రెండు కళ్ళు.
ఎర్రని వలయంలో నల్లగుడ్డు.
కొత్త ఏడాది ముందు ప్రతిసారీ నేనే రంగు దిద్దుతాను.
ఖాంగ్ చుక్కాని పడతాడు,
నేను పద్దు రాస్తాను.

నీలి అట్ట పుస్తకం, పోర్టువాళ్ళిచ్చింది.
ఇంజను కింద చేరిన నూనెనీళ్ళు ఎన్ని లీటర్లు,
ఏ రేవులో అప్పజెప్పాం, ఎవరి సంతకం.
మొదటి ఏడాదంతా నలభై అని రాశాను,
నలభై, నలభై.
అప్పజెప్పిందల్లా చీకటికి.
రేవులో ట్యాంకుంది, కాపలావాడు లేడు.
కాపలావాడున్ననాడు ట్యాంకు నిండిపోయి ఉంది.
సరుకు ఆలస్యమైతే రోజుకింతని కోత.
ఇదంతా సాకు కాదు.
సాకే.

చో గావ్ కాలువ, ఇరవై ఎనిమిదో కిలోమీటరు రాయి,
అక్కడ తామ్ అవ్వ ఇల్లు. రేకుల కప్పు, వంటగది నీటివైపు.
ఒకప్పుడు గుమ్మం నుంచి ఒడ్డుకి పదకొండంగలట.
నేను చూసేనాటికి ఏడు.
మేం పోతూంటే
ముందు నీళ్ళు ఒడ్డు వదిలి వెనక్కి తగ్గుతాయి,
బురదలో చేపపిల్లలు ఎగిరెగిరి పడతాయి,
ఆ తర్వాత వస్తుంది మా అల,
బాకీ వసూలుకొచ్చినవాడిలా
చారెడు మన్ను పట్టుకుపోతుంది.
చారెడే.
రోజుకెన్ని పడవలో ఎవరు లెక్కపెట్టారు.

ఓ మధ్యాహ్నం ఖుయెన్ ఎక్కింది బార్జి మీదికి.
జలమార్గాల ఆఫీసు పిల్ల, మోకాళ్ళదాకా బురద,
చేతిలో కొలతకర్ర. పద్దు తిరగేసింది.
"అక్కా, నీ ఇంజను ఎంత బుద్ధిమంతురాలు!
ఎండల్లో నలభై, వానల్లో నలభై."
తిట్టలేదు. జరిమానా రాయలేదు.
నా పెన్ను తీసుకుని ప్రతి పేజీ అంచునా ఓ గడి గీసింది:
ఒడ్డు. అవ్వ గుమ్మం నుంచి. అంగలు.
"ఇదీ నువ్వే రాయి."

ఆ ట్రిప్పులో మేం మోస్తున్నది
ఎగువ మెకాంగ్‌లో పంపుతో పీల్చిన ఇసుక.
ఎక్కడికా అని రసీదు చూస్తే
ఇరవై ఎనిమిదో కిలోమీటరు గట్టుకే,
కోసుకుపోయిన చోట సంచుల్లో నింపడానికి.
నాకు నవ్వొచ్చింది. ఖాంగ్ నవ్వలేదు.
వంపు రాకముందే ఇంజను సగానికి దించాడు.
వెనకవాడు హారన్ మోగించాడు,
అమ్మనాబూతులు తిట్టాడు. తిట్టనీ.
అల మెల్లగా వెళ్ళి
నీటికొబ్బరి మొలకల పాదాలు తడిపి
ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

పదహారు నిమిషాలు ఆలస్యం.
పదహారు నిమిషాలకి పోటు తప్పింది,
ఆరుగంటలు లంగరు.
ఆ ఆరుగంటల కూలి ఎవరిస్తారని ఖుయెన్‌నడిగాను.
కర్రకంటిన బురద కడుక్కుంటూ
"పైకి రాశాను" అంది. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు పద్దులో అంకెలు చిందరవందర:
పన్నెండు. యాభై మూడు. సున్నా, ట్యాంకుకి తాళం.
అప్పజెప్పలేదు, డెక్కు మీద డ్రమ్ములో ఉంది, కంపు.
అంచు గడిలో: ఏడు. ఏడు. ఆరున్నర
(ఆ వారం అమావాస్య పోటు,
మా తప్పు కాదనుకుంటాను).

నిన్న తామ్ అవ్వ వంటగదిలోంచి
గరిట ఎత్తి ఊపింది.
పలకరింపో, బెదిరింపో.

ఈసారి రంగు దిద్దుతూ
కుడికంటి గుడ్డు కాస్త పక్కకి జరిపాను,
ఒడ్డువైపు.
ఖాంగ్ చూసి
మెల్లకన్ను అన్నాడు.