అర పాలు

కొణిజేడు కొండ రాయి నల్లగా ఉంటుంది,
అయస్కాంతానికి ఇట్టే లొంగుతుంది.
సగానికి పైగా ఇసకే.
మరాడించి, ఇసక విడదీసి,
కాటుకంత మెత్తన చేసి
తడిపి పళ్లెంలో తిప్పితే
రేగిపళ్లంత ఉండలు.

ఉండ కావడం తేలికే.
కొలిమి దాటాక కూడా ఉండగా మిగలడమే కష్టం.

నా పని వాటిని పగలగొట్టడం.
రెండు ఉక్కు పలకల మధ్య ఒక్కొక్కటే పెట్టి
పగిలిన క్షణాన అంకె రాసుకోవడం.
నూట డెబ్బై. నూట అరవై రెండు. నూట ఎనభై.
రెండొందల యాభై కిలోలు మొయ్యనిదాన్ని
ఓడెక్కించరు.
"ఇంకాస్త మంట పెంచితే?" అన్నాను.
కాలేషా గ్యాసు మీటరు వైపు చూసి
మీసం దువ్వుకున్నాడు.

సోమవారం ఒక సంచి దిగింది.
టర్కీదట, తెల్లటి పొడి, పేరుకి నోరు తిరగలేదు.
లోపలున్నది బోరాన్ అన్నారు.
వేలి కొసన అద్దుకుని
"వెలిగారం చుట్టమిది" అన్నాను, ఎవరూ అడక్కుండానే.

మా తాత కాళహస్తాచారి
కందుకూరు కొట్లో కుంపటి ముందు కూర్చుని
వెలిగారం పలుకు నీళ్లతో అరగదీసి
కోడి ఈకతో అతుకు మీద రాసేవాడు.
మంట తగలగానే అది మరమరంలా ఉబ్బేది,
నాకు నవ్వొచ్చేది.
ఆపైన గాజై పరుచుకునేది,
దాని కింద టంకం పరుగో పరుగు.
"బంగారానికి మొహమాటమెక్కువ పాపా,
ఇది మధ్యన కూర్చుని మాట కలుపుద్ది."
ఎక్కువ రాస్తే మాత్రం
ఆ ఈకతోనే నెత్తిన ఒకటి.

నూటికి అర పాలు కలిపాం.
ఎనభై డిగ్రీలు తగ్గించే కాల్చాం.
అర ఎందుకు, రెండు వేద్దామని
మస్తానయ్య సారు వేయించిన తట్టలో
ఉండలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని
బెల్లం అచ్చులా బయటికొచ్చాయి.
నెత్తి తడుముకున్నాను.

అర పాలు తట్టలోంచి మొదటిది తీశాను.
నలుపు పోయి ఎరుపు తిరిగింది,
గోటితో కొడితే గట్టిగా పలికింది.
పలకలు దగ్గరయ్యాయి.
రెండొందలు. రెండొందల ముప్పై.
షెడ్డులో ఫ్యాను చప్పుడొక్కటే.
రెండొందల డెబ్బై నాలుగు దగ్గర
టప్పుమంది.

ఎంత గట్టిదో చెప్పుకోడానికి
దానికున్న దారి అదొక్కటే.

ముక్కని కిటికీ వెలుతురుకి పట్టి చూశాను.
గాజు జాడ లేదు.
అతుకు కుదిరాక తాత కూడా
వెలిగారాన్ని చింతపండు నీళ్లలో ఉడికించి
కడిగేసేవాడు.

కాలేషా టీ తెచ్చి పక్కన పెట్టాడు.
ఇంకా తొంభై తొమ్మిది పగలాలి.