లాభం, రెండు, మూడు

పొద్దున ఆరింటికే వస్తడు కొమురెల్లి.
ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు బస్తాలు మోసిన భుజం
ఇప్పుడు అంగీని కూడ మొయ్యలేనట్టు ఒకదిక్కు జారి ఉంటది.
వెంట మిరపకోరు.
మార్కెట్టుకు పోక రెండేండ్లాయె,
కోరు మాత్రం ఆయన్ని విడిచిపోలే.

మా డయాలసిస్ యూనిట్ల ఎనిమిది మంచాలు.
కిటికీ పక్కన ఐదోది ఆయనది.
మొదటి రోజు సూదిని చూసి
"ఇది సూది కాదు బిడ్డా, దబ్బనం" అన్నడు.
నిజమే, నేను కాదనలే.
లక్ష గోనెసంచుల మూతులు కుట్టిన చెయ్యి
దబ్బనాన్ని గుర్తుపట్టదా?
కుట్టించుకునుడే కొత్త.

అరచెయ్యి మంచు. నుదురు చెమట.
పెదవులు తెల్లబడి కండ్లు తేలిపోతుంటే
తలాపు దించి కాళ్ళకింద రెండు దిండ్లు పెట్టిన.
అర్ధగంట సూది ముట్టలే.
"మిషన్ ఖాళీగుంటే ఎవరు జవాబు చెప్పాలె మేడం"
సదానందం గొణిగిండు.
నేనే చెప్త, అన్న.

ట్రైనింగ్‌ల మేరీరత్నం సిస్టరు ఒక్కటే నేర్పింది:
"ఏం కాదు" అనకు.
అయితదని వాళ్ళకు తెలుసు.
ఒక్కసారి అబద్ధమాడితే
రెండోసారి నీకు చెయ్యి ఇయ్యరు.

"నొస్తది పెద్దాయనా."
"ఎంతసేపు?"
"పది లెక్కపెట్టేదాక."
"లెక్క ఎవరు పెట్టాలె?"
"నువ్వే. ఆగమంటే ఆగుత."

చానసేపు ఫ్యాను దిక్కు చూసిండు.
నా వేలు తీసుకొని ఎడమ ముంజేతి మీద పెట్టుకున్నడు.
తోలుకింద నెత్తురు
తేనెతుట్టె లెక్క జుమ్మంటున్నది.
"ఇగ కానీ."

"లాభం..."

కాంటా కాడ నిలబడి బస్తాలు లెక్కపెట్టినోడు
ఒకటి అనడు కద.

"రెండు... మూడు..."
గొంతుల మార్కెట్టు మేల్కొంటున్నది,
తేజ రకం ఎర్రటి కుప్పలు, దడ్వాయి కేక,
మంచుకు తడిసిన గోనెలు, ఎవరిదో తుమ్ము,
"నాలుగు... అయిదు... ఆరు..."
ఊపిరి ఒక్కొక్క అంకె మీద
మెట్టు దిగినట్టు దిగుతున్నది.
అక్కడ ఆగిండు.
ఏడు అనరాదు. ఏడు అంటే ఏడ్వమన్నట్టు.
"ఆరున్నొక్కటి"
అని తలకాయ ఊపిండు.

అక్కడనే పెట్టిన.

"అయిపోయిందా?"
"ఇంకోటుంది."
"ఇంకో బండి వచ్చిందన్నట్టు."
మళ్ళ లాభం కాన్నుంచి మొదలు.

అందరికీ లెక్క పనిచెయ్యదు.
నెక్కొండ దిక్కు తండా నుంచొచ్చే కేలీబాయి
మొఖం మీద కొంగు కప్పుకొని
నా కోటు అంచు పట్టుకుంటది, వదలదు.
ఇంటర్ చదివే అభిలాష్ సూది దిగేదాక రెప్ప వెయ్యడు,
చూడకుంటేనే భయమట.
ఒకామెను పాట పాడమన్న.
పాడేటోడు ఆమె కొడుకట, పోయి ఆర్నెల్లు.
ఆ రోజు నా చెయ్యే వణికింది.

నిన్న ఆరో మంచం మీదికి పరకాల నుంచి స్వరాజ్యం,
అంగన్‌వాడీల ఆయా.
సూదిమందు రోజు ఊరి పిల్లలందరినీ
ఒళ్ళ కూసోబెట్టుకొని ఊరడించినామె.
తన చెయ్యి మాత్రం కట్టె.
నేను నోరు తెరవకముందే
పక్క మంచం నుంచి, ట్యూబులతోటి కదలలేని కొమురెల్లి:
"చెల్లే, లెక్కపెట్టు. లాభం అను."

ఆమె మెడ తిప్పి చూసింది.
"రెండు కిడ్నీలు పాయె. నాకేం లాభం అన్నా?"

మిషన్ల చప్పుడు తప్ప ఏం లేదు కొంచెంసేపు.
తర్వాత కేలీబాయి కొంగుకింద నుంచి కిసుక్కుమన్నది.
సదానందం మొఖం గోడదిక్కు తిప్పుకున్నడు.
ఆమె సుత నవ్వింది,
నవ్వుతుంటే భుజం వదులైంది.
"పెట్టాల్నా?" అడిగిన.
"కానీ తల్లీ."

కేస్‌షీట్ల రాసిన:
బీపీ నూట ముప్పై, ఎనభై. రెండు సూదులు, మొదటిసారికే.
నవ్విన సంగతి రాసేటందుకు అందుల గడి లేదు.

కిటికీల నుంచి ఎండ ఐదో మంచం మీదికొచ్చింది.
"ఇయ్యాల తేజ ఎంత పలికిందో"
అన్నడు కొమురెల్లి,
ఎవరినీ అడగనట్టు.