కనెను

ఆగమన కాలం మొదటి ఆదివారం
కాశీబుగ్గ గుడిలో
మా చెల్లెలి కొడుకు నిలబడి వంశావళి చదివాడు.
అబ్రాహాము కనెను, ఇస్సాకు కనెను,
గులకరాళ్ల బాట మీద సైకిలు తొక్కినట్టు
పేరు పేరుకీ ఎగిరెగిరి పడుతూ.
వెనక చాపల మీద మేం
కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం:
ఓలమ్మా, ఇంతమంది మగోళ్లు కన్నారట,
ఒక్కడికీ నొప్పులు రానేదట!

తామారు, అన్నాడు వాడు.
కాసేపటికి రాహాబు. రూతు.
ఆ తర్వాత పేరే లేని మనిషి,
ఊరియా భార్య.
నవ్వు అక్కడ ఆగింది నాకు.

దాలమ్మ మా సంఘం కాదు.
నీలమణి దుర్గకి మొక్కుకునే మనిషి.
జీడిబట్టీలో నా పక్క పీట ఆమెది, పదహారేళ్లు.
ఇప్పుడు ఆమెకి వారంలో రెండే రోజులున్నాయి,
మంగళవారం, శుక్రవారం.
సోంపేట ఆస్పత్రిలో నాలుగేసి గంటలు
మిషను పక్కన.
అక్కడి రిజిస్టర్లో పేరు గడి ఖాళీ.
కింద మాత్రం నీలం సిరాతో
లేటు కూర్మారావు భార్య.

పింఛనుకి వేలు పెట్టమన్నారు.
పిక్కల నూనె తినేసిన వేలు.
మిషను ఎర్రగా మెరిసింది, మళ్లీ అంది.
తడిగుడ్డతో తుడవమన్నారు, నిమ్మచెక్క రుద్దమన్నారు,
పదివేళ్లూ అయిపోయాయి.
సచివాలయం మెట్ల మీద కూచుని అంది దాలమ్మ,
"నాను నాను కానట, అప్పా."

తగలబెట్టడానికి ఈడ్చుకొస్తున్నప్పుడు
తామారు దగ్గర ఒక ముద్ర ఉంది, దారం ఉంది, కర్ర ఉంది.
ఎవరివో పోల్చుకోండి, అనగలిగింది.
దాలమ్మ దగ్గర
ముద్ర చెరిగిన చేతులు తప్ప ఏటున్నాయి?

రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం
చిన్నప్పుడు బొమ్మలో చూశాను, రిబ్బను అనుకున్నాను.
మొన్న శుక్రవారం చూశాను మళ్లీ.
దాలమ్మ చేతిలోంచి బయల్దేరి
ఎక్కడెక్కడో తిరిగి
దాలమ్మలోకే వచ్చే సన్నటి గొట్టం
కిటికీ ఎండలో.
దాన్ని పట్టుకునే ఇంట్లో
తల్లి లేని మనవరాలూ, గుడ్డి అత్తా
ఇంకా అన్నం తింటున్నారు.

పాస్టరు గారు మరియమ్మ దగ్గరికి వచ్చేసరికి
గొంతు మెత్తన చేస్తారు.
నాకు మెత్తగా తోచదు.
నెలలు నిండిన పిల్ల
అంత దూరం ఎందుకు పోయింది?
పేరు రాయించుకోడానికి.
ఏ గుమాస్తా ముందు ఎంతసేపు నిలబడిందో,
భోజనాలయ్యాక రమ్మన్నారో,
ఎవరూ రాయలేదు.

మన మాటలో కనడమంటే రెండు.
వెళ్లగొట్టిన దాసి హాగరు
నీళ్లూ నీడా లేని చోట కూలబడి
నన్ను చూసేవాడని దేవుడికే పేరు పెట్టింది.
ఆ పట్టీలో మగాళ్లు
కనెను, కనెను అని అన్నిసార్లున్నారే,
ఒక్కడైనా కన్నాడా అని అడగబోయి
నోరు మూసుకున్నాను.
పదహారేళ్లు పక్క పీట.
ఆమె పాదాలు చెప్పుల్లో పట్టడం మానేసి
ఎన్నాళ్లయిందో
నాకే తెలీదు.

కుర్రాళ్లు చుక్క ఎక్కడ కట్టాలని అడిగారు.
గుడి మీద ఎప్పుడూ కడతాం కదా, అన్నాను,
ఆ రేకుల ఇంటి చూరుకి కట్టండి.
సంఘపెద్దకి నచ్చలేదు.
దాలమ్మకీ నచ్చలేదు, కరెంటు బిల్లు ఎవరిస్తారంది.
బిల్లు సంగతి ఇంకా తేలలేదు.

మంగళవారం చీకటితో ఆటో.
సంచిలో కాగితాలు పెట్టాను, మరమరాలు పెట్టాను,
కొలిచి పోసిన సీసాడు నీళ్లు.
దారిలో టెక్కలి మనిషి ఒకాయన చెప్పాడు,
అక్కడ కొత్త మిషను వచ్చిందట,
వేలు కాదట, కన్ను పెట్టాలట.
దాలమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
జీడితోటల మీద మంచు దిగుతోంది.
"కన్నయినా నాదే అంటాదా?"
అంది నావేపు తిరిగి,
రెప్ప వెయ్యకుండా.